ముప్ఫై ఒక్క మెరుపులు

అభిప్రాయాలు పంపడానికి ఇచ్చిన గడువు దాటి పద్నాలుగు నెలలైంది. ఆ సంగతి నాకు తెలుసు. ఆ ప్రకటన కాపీ ఇప్పటికీ నా బల్ల సొరుగులోనే ఉంది. "ఉపాధ్యాయ నమోదు చట్టానికి ప్రతిపాదించిన సవరణలపై ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు, నిపుణులు తమ అభిప్రాయాలను సభలో నోటితో గానీ, ఆ తర్వాత నెల లోపు రాతలో గానీ తెలియజేయవచ్చు" అని అందులో ఉంది. నేను ఆ సభలో ఉన్నాను. వేదిక మీదే, పేరు రాసిన చెక్కముక్క వెనకాల కూర్చున్నాను. నోటితో చెప్పింది అబద్ధం. రాతలో ఏమీ పంపలేదు. కాబట్టి దీన్ని ఆలస్యంగా వచ్చిన అభిప్రాయం అనుకున్నా సరే, చెంపలు వేసుకోవడం అనుకున్నా సరే, మీ ఇష్టం.

నా పేరు సుభాషిణి. మెరుపు పట్టీని కనిపెట్టిన ఇద్దరిలో ఒకదాన్ని. రెండో ఆయన మా పరిశోధన కేంద్రం డైరెక్టర్ జోగారావు గారు.

పట్టీ సంగతి తెలియనివాళ్ళు ఇప్పుడు లేరనుకోండి, అయినా చెబుతాను. అది బడిపిల్లల నుదుటికి కట్టే రెండు వేళ్ళ వెడల్పు గుడ్డ. లోపల మినపగింజలంత సెన్సర్లు ఆరు ఉంటాయి. పిల్లకి పాఠం అర్థమైన క్షణంలో మెదడులో ఒక కదలిక పుడుతుంది. పట్టీ దాన్ని పట్టుకుని, మాస్టారి బల్ల మీదున్న టాబ్లెట్‌లో ఆ పిల్ల పేరు పక్కన నీలం చుక్క వెలిగిస్తుంది. ఆ చుక్కకి మెరుపు అని పేరు పెట్టింది నేనే. పేరు పెట్టిన రోజు అందరికీ మిఠాయి కూడా పంచాను, ఏదో ఘనకార్యం చేసినట్టు.

చట్టం సంగతి కూడా రెండు ముక్కల్లో చెబుతాను. పాత చట్టం ప్రకారం మాస్టారు ఒకసారి నమోదైతే రిటైరయ్యేదాకా మాస్టారే. కొత్త సవరణ ప్రకారం మూడేళ్ళకోసారి నమోదు తిరిగి తెచ్చుకోవాలి. అందుకు తరగతిలో ఒక్కో పిల్లకి పీరియడుకి సగటున రెండు మెరుపులు రావాలి. రాకపోతే పేరు కొట్టేస్తారు. పేరు కొట్టేశారంటే సర్కారు బడిలోనే కాదు, ప్రైవేటు బడిలో కూడా సుద్దముక్క పట్టుకోవడానికి వీల్లేదు.

సభకి ముందు నలభై బడుల్లో మేం పట్టీలు కట్టి చూశాం. ఆరు వందల మంది మాస్టార్ల పేర్లు మెరుపుల వరసలో వచ్చాయి. నేను జాబితా తెరిచి, పై నుంచి మురిసిపోతూ కిందికి దిగాను. అట్టడుగున ఉన్న పేరు దగ్గర ఆగిపోయాను.

పి. పైడిరాజు, లెక్కలు, పెదగెడ్డవలస హైస్కూలు. సగటు సున్నా దశాంశం ఒకటి.

మా ఆయన.

కేంద్రంలో ఒకటే నవ్వులు. "మేడమ్ గారింట్లో మెరుపులు, సార్ గారి బడిలో కరెంటు కోత" అన్నారు ఎవరో. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పుడు సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోతుంది. జోగారావు గారు మాత్రం నవ్వలేదు. "సభలో ఎవరో ఒకరు దీన్నే పట్టుకుంటారమ్మా. ఒకసారి వెళ్ళి మీ ఆయన క్లాసు చూసి రా. జవాబు మన దగ్గర ఉండాలి" అన్నారు.

సభ ఇంకా మూడు రోజులుందనగా వెళ్ళాను.

ఎనిమిదో తరగతి. ముప్ఫై ఒక్క మంది పిల్లలు, ముప్ఫై ఒక్క పట్టీలు. నేను వెనక బెంచీలో టాబ్లెట్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఇరవై ఏళ్ళ కాపురంలో మా ఆయన పాఠం చెప్పడం చూడటం అదే మొదటిసారి. అది కూడా చెప్పుకోదగ్గ సిగ్గే.

ఆయన బోర్డు మీద ఒక సమీకరణం రాశారు. మూడు, పక్కన బ్రాకెట్‌లో ఎక్స్ తీసివేత నాలుగు. అది ఇటువైపు. రెండు ఎక్స్ కూడిక అయిదు అటువైపు. దాని కింద నాలుగు లైన్లలో లెక్క చేసేసి, చివర ఎక్స్ విలువ తొమ్మిది అని రాసి, చేతులు దులుపుకుని స్టూలు మీద కూర్చున్నారు.

"ఇందులో ఒక దొంగ ఉన్నాడు. పట్టుకోండి" అన్నారు. అంతే. ఇక నోరు మెదపలేదు.

ఒక నిమిషం గడిచింది. రెండు గడిచాయి. క్లాసంతా నిశ్శబ్దం. ఈ మనిషి జీతం తీసుకుని స్టూలు మీద కూర్చుంటున్నాడేంట్రా బాబూ అని నాకు ఒళ్ళు మండింది. పిల్లలు మాత్రం బోర్డుని కళ్ళతో తినేస్తున్నారు. ఒకడు వేళ్ళు విరుచుకుంటున్నాడు. ఒక పిల్ల పెదాలు కదుపుతూ నోటుబుక్కు మూల ఏదో గీస్తోంది. నాలుగు నిమిషాలైంది. ఆ గీస్తున్న పిల్ల గభాలున లేచింది. పేరు నూకరత్నం.

"మాస్టారూ! రెండో లైనులో దొరికిపోనాడు! మూడు, బ్రాకెట్ గుమ్మం బయట నించొని ఎక్స్ ఒక్కడినే పలకరించినాడు. లోపల ఇద్దరున్నారు గదా! నాలుగుని గూడా మూడుసార్లు పలకరించాల. పన్నెండు రావాల!"

క్లాసు ఒక్కసారిగా గొల్లుమంది. "ఓలమ్మ, నిజమే!" అని ఒకడు నుదురు కొట్టుకున్నాడు. నలుగురు బోర్డు దగ్గరికి పరిగెత్తారు. మూలనున్న పిల్లాడు ఎక్స్ పదిహేడు, పదిహేడు అని అరుస్తున్నాడు. మా ఆయన స్టూలు మీద నుంచి లేవకుండానే సుద్దముక్క నూకరత్నానికి అందించారు. ఆయన మొహంలో ఆ వెలుగు నేను పెళ్ళినాడు కూడా చూడలేదు.

నేను టాబ్లెట్ వైపు చూశాను. ముప్ఫై ఒక్క పేర్లు. ఒక్క చుక్క లేదు.

పట్టీలు సరిగ్గా కట్టలేదేమో అనుకుంటుండగా, గోల విని హెడ్మాస్టారు గుమ్మంలోకి వచ్చారు. పిల్లలు ఎక్కడివాళ్ళక్కడ బిగుసుకుపోయారు.

"ఏటర్రా ఈ గోల? సంత అనుకుంటున్నారా? రేపు పట్టీలతో ఫొటోలు తీస్తారు. అందరూ నూనె రాసుకుని, తల దువ్వుకుని రావాలి. అర్థమైందా?"

"అర్థమైంది సార్!"

నా ఒళ్ళో టాబ్లెట్ నీలంగా వెలిగిపోయింది. పై నుంచి కింది దాకా ఒక్క పేరు వదలకుండా చుక్కలు. లెక్కపెట్టక్కర్లేకపోయినా లెక్కపెట్టాను. ముప్ఫై ఒక్కటి.

మా ఆయన అటు తిరిగి బోర్డు తుడుస్తున్నారు, చూడలేదు. గంట కొట్టాక దగ్గరికొచ్చి, "ఏటి సుభా, ఏమైనా కనిపించిందా?" అని అడిగారు.

"ఏం లేదు" అని టాబ్లెట్ సంచిలో పెట్టేశాను. అది మొదటి అబద్ధం.

కేంద్రానికి తిరిగొచ్చి పాత రికార్డింగులు తీశాను. తొమ్మిదేళ్ళ కిందట మేం యంత్రానికి చదువు నేర్పింది ఒక మోడల్ స్కూల్లో. అర్థం కావడం అంటే ఏమిటో యంత్రానికి పుట్టుకతో తెలియదు కదా. ఇదిగో, ఈ క్షణంలో పిల్లకి అర్థమైంది అని ఎవరో ఒకరు వేలు పెట్టి చూపాలి. వేల సార్లు చూపితే అది ఆనవాలు పడుతుంది. ఆ చూపించే పని నాది. నాలుగు నెలలు చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని వీడియోలు చూస్తూ గుర్తులు పెట్టాను. పదకొండు వేల గుర్తులు.

పిల్లకి ఎప్పుడు అర్థమైందో నాకెలా తెలుస్తుంది? చాలా సులువు. పంతులుగారు అయిదు నిమిషాలకోసారి "అర్థమైందా?" అంటారు. పిల్లలంతా ఒక్క గొంతుతో "అర్థమైంది సార్" అంటారు. ఆ జవాబుకి రెండు సెకన్ల ముందు నేను గుర్తు పెట్టేదాన్ని.

నవ్వొస్తోందా? నవ్వండి. మా కేంద్రంలో పన్నెండు మంది ఇంజనీర్లున్నారు. ఒక్కరికి కూడా అందులో తప్పు కనిపించలేదు. ఎందుకంటే మేమంతా ఆ పాటలోనే పెరిగాం. మాకు చదువు అంటే అదే. మాస్టారు అర్థమైందా అనాలి, మనం అర్థమైంది అనాలి, గంట కొట్టాలి.

పోనీ మిగతావాళ్ళ సంగతి వదిలేయండి, నాకైనా తెలియాలి కదా! ఏడో తరగతిలో అందరికన్నా గట్టిగా అర్థమైంది సార్ అని అరిచింది నేనే. భిన్నాలు ముక్క అర్థం కాలేదు. అరవకపోతే పంతులుగారు లేపి నిలబెడతారు. నిలబెట్టి అడిగితే చెప్పలేం. అందుకని అరిచేదాన్ని. అరిచే ముందు కడుపులో ఒక బిగువు ఉండేది, నన్ను లేపకండి బాబోయ్ అని. ఆ బిగువునే నేను యంత్రానికి నేర్పాను. దానికి మెరుపు అని పేరు పెట్టాను.

అయినా చివరి ఆశ ఒకటి మిగిలింది. మా అటెండరు అప్పలనరసమ్మని పిలిచి, నుదుటికి పట్టీ కట్టి, ఒక విదేశీ పత్రికలోంచి నాకే సరిగ్గా తెలియని పేరా ఒకటి గడగడా చదివాను. మెరుపు రాలేదు. అప్పుడు కాస్త గొంతు పెంచి, "అర్థమైందా?" అన్నాను.

"అర్థమైందమ్మా" అంది ఆవిడ బిక్కమొహం వేసుకుని.

చుక్క నిక్షేపంగా వెలిగింది.

"ఏటైందమ్మా, నానేటి తప్పు సేసినాను?" అని అప్పలనరసమ్మ కంగారుపడింది. నువ్వేం చేశావు తల్లీ, చేసిందంతా నేనే అని చెప్పడానికి నోరు రాలేదు. పట్టీ విప్పి పంపేశాను.

మర్నాడు పొద్దున్న జోగారావు గారికి అన్నీ చూపించాను. ఆయన చెడ్డవాడు కాదు. నాకు ఉద్యోగమిచ్చినవాడు, మా అమ్మ పోయినప్పుడు మా ఇంట్లో రెండు రోజులు ఉండి అన్నీ చూసుకున్నవాడు. ముప్ఫై ఒక్క చుక్కల తెరని పై నుంచి కిందికి రెండుసార్లు చూశారు. తర్వాత లేచి వెళ్ళి తలుపు వేశారు.

"మీ ఆయనకి చెప్పావా?"

"లేదు సార్."

"మంచిది. సభ ఎల్లుండి. ఇప్పుడీ మాట బయటపడితే తొమ్మిదేళ్ళ పని చెత్తబుట్టలోకి పోతుంది. మన కేంద్రంలో నలభై మంది రోడ్డున పడతారు. సవరణ రానీ. వచ్చాక రెండో తరం పట్టీ అని చెప్పి మనమే చల్లగా సరిచేసేద్దాం. ఎవరికీ నష్టం ఉండదు."

"మూడేళ్ళలో పేర్లు కొట్టేస్తారు కదా సార్?"

"మూడేళ్ళు చాలా కాలం." ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "సుభాషిణీ, చిన్నపిల్లలు బడిలో వేసే కేకని మెదడు రహస్యం అనుకున్నారని రేపు నిన్నూ నన్నూ చూసి ఊరంతా నవ్వుతుంది. ఆలోచించు."

ఆలోచించాను. ఆ నలభై మంది మాట తర్వాత నేను చాలా సార్లు సాకుగా వాడుకున్నాను, నాకు నేను చెప్పుకోవడానికి. నిజం మాత్రం ఇది: నన్ను ఆపింది ఆ నవ్వు. మా ఆయన పేరు అట్టడుగున ఉన్నప్పుడు నేను నవ్వానే, అలాంటి నవ్వు నా మీద పడుతుందన్న భయం.

ఆ మర్నాడు సాయంత్రం పెందలాడే అన్నాలకి కూర్చున్నాం. తెల్లారితే సభ. మండలంలో మాస్టార్లంతా కలిసి మా ఆయన్నే మాట్లాడమన్నారట. అందరికన్నా తక్కువ వచ్చినవాడు మాట్లాడితేనే బాగుంటుందని వాళ్ళ లెక్క. కంచం పక్కన కాగితం పెట్టుకుని, వంకాయ కూర కలుపుకుంటూ అందులో ఏదో కొట్టేసి రాస్తున్నారు.

"సుభా, ఒక మాట అడుగుతాను, ఏటీ అనుకోకు. ఆవేళ మా క్లాసు చూశావు గదా. నిజంగా పిల్లలకి అర్థం కావట్లేదంటావా?"

నేను ఆయన కంచంలో ఇంకాస్త కూర వడ్డించాను.

"లేదు, నేను కోపంతో అనట్లేదు" అన్నారు ఆయన. "ఇరవై రెండేళ్ళ నుంచి అలాగే చెప్తున్నాను. పిల్లలు ఎగురుతారు, అరుస్తారు, నాకు సరదాగా ఉంటుంది. సరదా వేరు, చదువు వేరు గదా. నేనేటైనా పిచ్చి భ్రమలో ఉన్నానేమో. యంత్రం మాట నాకు లెక్క లేదు. దాన్ని చేసింది నువ్వు. నువ్వు చెప్తే నమ్ముతాను."

ఆ ఒక్క క్షణం చాలు. నోరు తెరిస్తే చాలు. వంకాయ కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగినంత తేలిక.

"ఇంకా చూడాలండీ. వివరాలు పూర్తిగా రాలేదు" అన్నాను.

"సరేలే" అని ఆయన కాగితం మీద మరో లైను కొట్టేశారు.

సభ జిల్లా కేంద్రంలో, ఒక కళ్యాణ మండపంలో పెట్టారు. పెళ్ళి కుర్చీలకి తెల్ల గుడ్డలు, వెనక బేనరు, బల్లల మీద మంచినీళ్ళ సీసాలు. రాజధాని నుంచి వచ్చిన విద్యాశాఖ కార్యదర్శి గారు మధ్యలో కూర్చున్నారు. ఆవిడ మంచి మనిషి, ప్రతి మాటా రాసుకుంటున్నారు. ఒక్కొక్కరికి మూడు నిమిషాలు. ఉపాధ్యాయ సంఘాల నాయకులు ముందు మాట్లాడారు. మూడేళ్ళని అయిదేళ్ళు చెయ్యమన్నారు, రెండు మెరుపుల్ని ఒకటిన్నర చెయ్యమన్నారు. మెరుపు అంటే ఏమిటని ఒక్కరూ అడగలేదు. యంత్రం చెప్పిందంటే చెప్పిందే.

తల్లిదండ్రుల తరఫున ఎర్నమ్మ అనే ఆవిడ లేచింది. జీడిపిక్కల కార్ఖానాలో పని చేస్తుందట, చేతులు నల్లగా మరకలు కట్టి ఉన్నాయి. మైకు చూసి ముందు జంకింది, తర్వాత అందుకుంది.

"అమ్మా, నాను నూకరత్నం తల్లిని. మా గుంట ఇంటికొచ్చి నాకు దొంగలెక్కలెడతాది. ఇందులో తప్పెక్కడుందో సెప్పమ్మా అంటాది. నాకు సదువు రాదు, అయినా ఒక దినం సెప్పేసినాను! దానికంటే నానే ముందు సెప్పేసినాను. ఆ మాస్టారు దగ్గర మెరుపులు నేవంట. నా నెత్తికి ఆ పట్టీ కట్టండమ్మా, నాకు అర్థమైనాదో నేదో సూద్దుము. నేదంటే ఆ పట్టీకే సదువు రాదని లెక్క."

హాలంతా చప్పట్లు, నవ్వులు. కార్యదర్శి గారు కూడా నవ్వారు. చదువు రాని మనిషి ఒక్క నిమిషంలో చెప్పేసిన మాట, పదకొండు వేల గుర్తులు పెట్టిన నాకు చెప్పడం చేతకాలేదు.

తర్వాత మా ఆయన. ఇస్త్రీ చొక్కా నేనే తీసి ఇచ్చాను పొద్దున్న. కాగితం తెరిచి, చూసి, మళ్ళీ మడిచి జేబులో పెట్టేసుకున్నారు.

"అయ్యా, అమ్మా, నేనే ఆ జాబితాలో చివరోణ్ణి. ఆ యంత్రం చేసింది మా ఇంటావిడ. అదిగో, వేదిక మీద ఉన్నారు." అందరూ నన్ను చూశారు. "ఆవిడ కష్టం నేను తొమ్మిదేళ్ళు కళ్ళారా చూశాను. ఆవిడ తప్పు లెక్క వెయ్యదు. కాబట్టి తప్పు నాదగ్గరే ఉండాలి. నేను అడిగేది ఒక్కటే. నాలాంటోళ్ళ పేరు కొట్టే ముందు, ఎక్కడ తప్పు చేస్తున్నామో ఎవరో ఒకరు వచ్చి చూపించండి. తప్పు కనిపిస్తే దిద్దుకుంటాం. నేను పిల్లలకి రోజూ చెప్పేది అదే. సెలవు."

కూర్చున్నారు. మూడు నిమిషాల్లో ఒకటిన్నర కూడా వాడుకోలేదు.

కార్యదర్శి గారు కలం ఆపి నా వైపు తిరిగారు. "సుభాషిణి గారూ, మాస్టారు అడిగింది న్యాయంగానే ఉంది. మెరుపులు తక్కువ రావడానికి, పాఠం సరిగ్గా చెప్పకపోవడం కాక ఇంకేదైనా కారణం ఉండే అవకాశం ఉందా? మీ దృష్టికి వచ్చిందా?"

మైకు నా ముందుకు జరిపారు. నా పక్కనే కూర్చున్న జోగారావు గారు మంచినీళ్ళ సీసా మూత తిప్పుతూనే ఉన్నారు. మూడో వరసలో మా ఆయన నా వైపే చూస్తున్నారు, సమాధానం కోసం కాదు, ఇంత మందిలో భార్య మాట్లాడబోతోందన్న గర్వంతో. దేవుడా, ఆ చూపు తలచుకుంటే భూమిలోకి కుంగిపోవాలనిపిస్తుంది.

"మా దృష్టికి రాలేదండి" అన్నాను.

ఆవిడ రాసుకున్నారు.

చట్టం సవరించారు. అంతే కాదు, మా ఆయన లాంటి అడుగున ఉన్నవాళ్ళ కోసం మూడేళ్ళు ఆగక్కర్లేదని, ఒకటి కంటే తక్కువ వచ్చినవాళ్ళకి ఆరు నెలల గడువు చాలని చివర్లో ఒక ముక్క చేర్చారు. నిపుణులు లోపమేమీ లేదన్నాక ఆగడమెందుకు? ఆ ఆరు నెలల్లో తక్కిన మాస్టార్లు కిటుకు కనిపెట్టేశారు. కారణం వాళ్ళకి తెలియదు, అవసరమూ లేదు. అర్థమైందా అన్నప్పుడల్లా చుక్కలొస్తున్నాయని చూశారు, అంతే. ఏ బడి పక్క నుంచి వెళ్ళినా అదే పాట. అర్థమైందా, అర్థమైంది సార్. ఇంకోసారి, గట్టిగా, అర్థమైందా? బస్సులో కిటికీ తలుపు దించేసుకునేదాన్ని.

మా ఆయనకి ఆ కిటుకు ఎవరో చెప్పారట. "అడిగితే ఎవడైనా అవుననే అంటాడు. అది చదువేటి?" అని కొట్టిపారేశారు. ఆరు నెలలు ఇంకా శ్రద్ధగా, ఇంకా నిశ్శబ్దంగా పాఠం చెప్పారు. సగటు సున్నాకి పడిపోయింది. నమోదు రద్దు చేసిన ఉత్తర్వు వచ్చిన రోజు దాన్ని నాలుగుసార్లు చదివి, గోడకున్న మేకుకి గుచ్చి, మొహం కడుక్కుని వచ్చి టీ అడిగారు.

రెండో తరం పట్టీ సంగతి నేను రెండు సమావేశాల్లో ఎత్తాను. "రాష్ట్రమంతా మెరుపులు మూడు దాటాయి. ఇప్పుడు బాగులేదంటే ఎవరు వింటారమ్మా?" అన్నారు జోగారావు గారు. నేను కూర్చున్నాను. కూర్చోవడం నాకు బాగా అలవాటైపోయింది.

క్రితం బుధవారం నేను సెలవు పెట్టి ఇంట్లో ఉన్నాను. పొద్దున్న పదిన్నర. బడి వేళ. మా ఆయన వసారాలో కూర్చుని చింతపండులోంచి పిక్కలు తీస్తున్నారు. ఎర్నమ్మ కూతురి చేత బడి మాన్పించి వెంటబెట్టుకుని వచ్చింది. నూకరత్నం పొడుగైంది. నుదుటి మీద పట్టీ గీత పడింది.

"మాస్టారూ, దీన్ని సూడండి" అంది ఎర్నమ్మ. "ఇది దొంగలెక్కలు ఎట్టడం మానేసినాది. ఏటే అంటే, కొత్త మాస్టారుకి అడగడం ఇట్టం నేదంతాది. ఎపుడు సూసినా అర్థమైంది, అర్థమైంది అంతాది. నిద్దట్లోన గూడా అంతాది."

మా ఆయన ఆ పిల్ల వైపు చూసి నవ్వారు. చేతులు తుడుచుకుని, నిదానంగా చెప్పారు. "అలాగనకమ్మా. కొత్త మాస్టారు మంచోరు. మూడున్నర మెరుపులొస్తున్నాయట ఆయనకి. నాకంటే బాగా చెప్తున్నారు. నా దగ్గర రెండేళ్ళు మీ పిల్లకి వృథా అయిపోయాయి. నన్ను క్షమించాల."

చేతులు జోడించారు. నూకరత్నం తల వంచుకుంది.

నేను గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. ఆయన వినయం కోసం అనలేదు. నమ్మి అన్నారు. ఇరవై రెండేళ్ళ పనిని వృథా అని నమ్మారు, నేను చెప్పాను కాబట్టి.

వాళ్ళు వెళ్ళాక ఆయన ఎదురుగా కింద కూర్చుని మొత్తం చెప్పాను. హెడ్మాస్టారు గుమ్మంలోకి రావడం, ముప్ఫై ఒక్క చుక్కలు, పదకొండు వేల గుర్తులు, అప్పలనరసమ్మ, తలుపు వేసిన జోగారావు గారు, అన్నీ. ఎక్కడా ఆగలేదు. ఆగితే మళ్ళీ చెప్పలేనని భయం. ఆయన వింటూ పిక్కలు తీస్తూనే ఉన్నారు. చివర్లో చేతులు ఆగాయి.

"సభ రోజున నీకు తెలుసా?"

"తెలుసు."

"ముందు రోజు సాయంత్రం? అన్నం తింటూ నేను అడిగినప్పుడు?"

"అప్పుడూ తెలుసండీ."

ఆయన ఇంకేమీ అడగలేదు. తిట్టలేదు. లేచి వెళ్ళలేదు. బోర్డు మీద తప్పులెక్క రాసి స్టూలు మీద కూర్చున్నప్పుడు ఎలా ఉన్నారో అలా కూర్చున్నారు. పక్క వీధి బడిలోంచి పిల్లల కేక వినిపించింది, ఆగింది, మళ్ళీ వినిపించింది. ఒక నిమిషం. రెండు. ఆయన పిల్లలు నాలుగు నిమిషాలు భరించిన ఆ నిశ్శబ్దాన్ని నేను భరించలేకపోయాను. ఏదో ఒకటి అనండీ అని బతిమాలబోయాను. నోట్లోంచి మాత్రం చిన్నప్పటి నుంచి అలవాటైన మాటే వచ్చింది.

"అర్థమైందా?"

మా ఆయన తలెత్తి నన్ను చూశారు. చేతులు కట్టుకున్నారు, బెంచీలో పిల్లాడిలా.

"అర్థమైంది మేడమ్" అన్నారు.

ఆ క్షణంలో ఆయన నుదుటికి పట్టీ కట్టి ఉంటే మెరుపు వచ్చి ఉండేదే. నా యంత్రం సంగతి నాకు తెలుసు. ఆ తర్వాత ఆయన చింతపండు గిన్నె దగ్గరికి లాక్కున్నారు, నేను లోపలికి వెళ్ళి ఈ కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను.